కడగని గిన్నెలో కాబ్లర్

డాల్టన్, జార్జియా
మే, మదర్స్ డే తర్వాతి శుక్రవారం

ఎర్లీన్ అత్తకు,

ఫోన్ చేస్తే సగంలో పెట్టేశావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు, మహా అయితే చించగలవు. చించే ముందు చదువు.

మదర్స్ డే నాడు మీ ఇంట్లో నేను కోడి ముట్టలేదు, బిస్కెట్ రొట్టెలు ముట్టలేదు. "నీ కోసమే తల్లీ, గోధుమ లేకుండా చేశాను" అని నువ్వు ముందు పెట్టిన పీచ్ కాబ్లర్, పళ్ళ మీద పిండి పరిచి కాల్చిన ఆ తీపి, అదొక్కటే తిన్నాను. సోమవారమంతా బాత్‌రూం నేల మీదే ఉన్నాను. టైల్స్ మీదున్న పువ్వులన్నీ నాకు దోస్తులైపోయాయి.

కార్పెట్ మిల్లులో మనిషి రాకపోతే పాయింటు వేస్తారు. పాయింట్లు నిండితే గేటు బయటే. నావి నిండడానికి ఎంతో దూరం లేదు. మంగళవారం వెళ్తే సూపర్‌వైజర్ అందరి ముందూ అడిగాడు, "మళ్ళీ కడుపేనా టెరికా? నీ కడుపుకి సోమవారాలంటే అంత ప్రేమేంటి?" అని. వాడి తల మీద దారం ఉండ విసిరికొట్టాలనిపించింది. విసర్లేదు. దానికీ పాయింటు ఉంటుంది.

నేను హైస్కూల్ పూర్తి చెయ్యలేదు, నిజమే. కానీ ఈ జబ్బు మీద మా లైబ్రరీలో ఉన్న ప్రతి పుస్తకమూ చదివాను. గోధుమలో గ్లూటెన్ అని ఒకటుంటుంది. నా పేగులకు అది విషం. గుప్పెడు అక్కర్లేదు, గోటికి అంటుకున్నంత చాలు. కాబట్టి నువ్వు అందులో ఏదో వేశావు. ఏం వేశావు?

ఎందుకింత గట్టిగా అడుగుతున్నానో నీకు తెలుసు. ఆగస్టులో చర్చి హోమ్‌కమింగ్ వస్తోంది, ఊరు వదిలినవాళ్ళంతా తిరిగొచ్చి కలిసి తినే రోజు. రెండేళ్ళుగా ఆ రోజు జనమంతా బయట బల్లల చుట్టూ కూర్చుని తింటుంటే, నేను కారులో అద్దాలు ఎత్తుకుని ఉడకబెట్టిన గుడ్లు తింటున్నాను. పాస్టర్‌గారి కుక్క కూడా నా కంటే బల్లకి దగ్గరగా ఉంటుంది. ఈసారి నేనూ బల్ల దగ్గర కూర్చోవాలి. నాన్నమ్మ కాబ్లర్ తినాలి. అది చెయ్యడం వచ్చినదానివి నువ్వొక్కదానివే మిగిలావు.

నీ వల్ల కాదంటే చెప్పు. నేనే ఏదో ఒకటి చేసుకుని, గిన్నెకి టేపు అంటించి, దాని మీద నా పేరు రాసుకుని తెచ్చుకుంటాను.

నీ మేనకోడలు
టెరికా

*

బెథెల్ క్రాసింగ్
మే నెలాఖరు

టెరికా,

చించుదామనే అనుకున్నాను. కవరు మీద స్టాంపు బాగుందని ఊరుకున్నాను.

నువ్వు పంపిన బియ్యప్పిండి పొట్లమే వాడాను. బైబిల్ మీద చెయ్యేసి చెప్పమంటావా? నా దాని మీదా చెబుతాను, మీ మామయ్య దాని మీదా చెబుతాను. ఆయనది ఇంకా కొత్తగానే ఉంది, ఎవరూ తెరవలేదు.

మన వంశంలో ఎవరికైనా ఉందా ఈ జబ్బు? మీ తాతయ్య రాళ్ళు తిని అరిగించుకున్నాడు. ఆ డాల్టన్ నీళ్ళు పడలేదేమో, అది చూసుకో ముందు.

ఇక ఆ టేపు మాట. నీ పేరు రాసుకుని వేరే గిన్నె తెస్తావా? విల్మా డాకిన్స్ కళ్ళ ముందు? ఆవిడ డబ్బా పీచ్‌లు గుమ్మరించి, పైన కొన్న పిండి కప్పి, దాన్ని కాబ్లర్ అంటుంది. ఏటా దాని గిన్నె సగం నిండుగానే ఇంటికి పోతుంది. నా గిన్నె అడుగున చెంచా గీకిన చప్పుడు పాస్టర్ ప్రార్థనలో కూడా వినిపిస్తుంది. అలాంటిది ఎర్లీన్ సొంత రక్తమే ఎర్లీన్ వంట తినదంటే, ఆ విల్మా క్రిస్మస్ దాకా అదే పాట పాడుకుంటుంది. అంతకంటే నువ్వు నా గిన్నెలో ఉప్పు పోసి పో, మేలు.

మీ అత్త

*

డాల్టన్
జూన్ మొదట్లో

అత్తా,

నువ్వు అబద్ధం ఆడావని నేను అనట్లేదు. నీ చేతులు నీకు చెప్పకుండా ఏదో చేస్తున్నాయంటున్నాను.

మిల్లులో కార్పెట్ మీద గీత పడితే, మిషను నడిపేవాణ్ణి అడిగి లాభం లేదు. "నేనేం చెయ్యలేదు" అంటాడు. దారం పట్టుకుని మొదటి నుంచీ నడుచుకుంటూ పోవాలి. ఎక్కడో ఒకచోట తెగి ఉంటుంది. అలాగే నువ్వు వంటింట్లోకి అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఓవెన్ తలుపు మూసేదాకా ఏం చేశావో రాయి. ఎలా చెయ్యాలో కాదు, ఆ రోజు ఏం చేశావో. ఏదీ వదలకు. ముక్కు గోక్కున్నా రాయి.

టెరికా

*

బెథెల్ క్రాసింగ్
జూన్

మేడమ్ ఇన్‌స్పెక్టర్‌గారికి,

ముక్కు గోక్కోలేదు. రాసుకో.

పొద్దున్నే మీ మామయ్యకి బిస్కెట్ రొట్టెలు చేశాను. ఆయన గుమ్మం దగ్గర కూర్చుని తిన్నాడు, చెమట తుడుచుకున్నాడు, పోయాడు. నేను కిందటేడు సీసాల్లో పెట్టిన పీచ్‌లు తీశాను. జాజికాయ గీకి, వెన్న వేసి, పొయ్యి మీద మరగనిచ్చాను.

తర్వాత అమ్మ చెక్క గిన్నె దించాను. దాన్లో బిస్కెట్ల గోధుమ పిండి ఎప్పుడూ ఉంటుంది కదా, అందుకని చాలా జాగ్రత్తపడ్డాను. నీ కోసమే. గోధుమ పిండినంతా ఒక పక్కకి నెట్టి, గట్టిగా అదిమి, రెండో పక్క గుంట చేసి, ఆ గుంటలో నీ బియ్యప్పిండి పోశాను. వెన్న నలిపాను, మజ్జిగ పోశాను. గోధుమ గోధుమ వైపు ఉంది, బియ్యం బియ్యం వైపు ఉంది. సరిహద్దు దాటలేదు. దేవుడు పైనుంచి చూస్తూనే ఉన్నాడు.

బేకింగ్ పళ్ళానికి వెన్న రాసి, అంటుకోకుండా గోధుమ పిండి చల్లాను. అది లెక్కలోకి రాదు, అది పళ్ళానికి.

పీచ్‌లు పోశాను, పైన పిండి ముద్దలు పరిచాను, ఓవెన్ తలుపు మూశాను. ఇందులో తప్పెక్కడుందో చెప్పు చూద్దాం.

మీ అత్త

*

డాల్టన్
అదే వారం

అత్తా!

సరిహద్దా? సరిహద్దేంటి? పిండికి పాస్‌పోర్టు అడిగావా?

నీ ఉత్తరం భోజనాల గదిలో చదువుతూ నేను పెట్టిన కేకకి పక్క లైనులో వాళ్ళు మిషను ఆపేశారు. ఆ గిన్నె పుట్టాక ఎప్పుడైనా కడిగారా? నాన్నమ్మ కడగలేదు, నువ్వు కడగలేదు. సాయంత్రం అంచులు పొడిగుడ్డతో తుడిచి, పిండి మీద గుడ్డ కప్పి, షెల్ఫు మీద పెట్టడమేగా. నా వయసు కంటే ఎక్కువ గోధుమ దాని చెక్కలో ఉంది. దాంట్లో కలిపిన బియ్యప్పిండి బియ్యప్పిండి కాదు, మారువేషం వేసిన గోధుమ.

పళ్ళానికి చల్లింది కూడా లెక్కే. నేను పళ్ళాన్ని తినకపోవచ్చు, పళ్ళానికి అంటుకున్నదాన్ని తింటానుగా.

ఆ గిన్నె వాడకు. కొత్తది కొను. గాజుది, ఇనపది, ఏదైనా. ఇంతే. ఇంత చిన్న విషయం.

టెరికా

*

బెథెల్ క్రాసింగ్
జూన్ చివర

టెరికా,

చిన్న విషయమా?

ఆ గిన్నె అడుగున పల్లం ఉంది. మా అమ్మ పిడికిలి పడిన చోటు. నేను పొద్దున్నే పిండి పిసికేటప్పుడు నా పిడికిలి సరిగ్గా అందులోకే దిగుతుంది. ఎంత పిండి, ఎంత మజ్జిగ, నేనెప్పుడూ కొలవలేదు. ఆ పల్లమే నాకు చెబుతుంది. గాజు గిన్నె నాకేం చెబుతుంది? మొహం చూపిస్తుంది, అంతే.

నీకు నాన్నమ్మ కాబ్లర్ కావాలి, నాన్నమ్మ గిన్నె మాత్రం వద్దు. ఏది తేల్చుకుంటావో తేల్చుకో.

నువ్వు చిన్నప్పుడు అందులో కూర్చుని స్నానం చేస్తానని ఏడ్చేదానివి. ఇప్పుడు విషమైపోయింది.

ఎర్లీన్

*

డాల్టన్
జులై మొదట్లో

అత్తా,

సరే, నేనూ సూటిగానే చెబుతాను. గిన్నె కావాలో నేను కావాలో నువ్వు తేల్చుకో. గిన్నెకి హోమ్‌కమింగ్‌కి రావాల్సిన పని లేదు. దానికి ఉద్యోగం పోదు. దాని పేగులు పుండ్లు పడవు.

నాకూ నాన్నమ్మ అంటే ఇష్టమే. కానీ నన్ను బాత్‌రూంలో పడేసేంత ఇష్టం ఆవిడక్కూడా ఉండి ఉండదు.

టెరికా

*

బెథెల్ క్రాసింగ్
జులై, శనివారం

టెరికా,

కడిగాను.

నిన్న మధ్యాహ్నం పెరట్లో కుళాయి కింద పెట్టి, వేడినీళ్ళు పోసి, సబ్బు పెట్టి, కొబ్బరి పీచు బ్రష్షుతో తోమాను. నీళ్ళు తెల్లగా వచ్చాయి, మళ్ళీ తోమాను. తోముతూ ఏడ్చాను. పక్కింటి వాళ్ళు ఎవరో పోయారనుకుని పలకరించడానికొచ్చారు, చావింటికి ఇచ్చే పంది మాంసం హ్యామ్ కూడా చేతిలో పట్టుకుని. మీ మామయ్య హ్యామ్ మాత్రం తీసుకున్నాడు.

ఎండలో పెట్టలేదు, బీటలు పడుతుందని నీడలో ఆరబెట్టాను. ఇప్పుడది పరాయి వాళ్ళింటి గిన్నెలా ఉంది. వాసన కూడా పోయింది.

అయినా సరే. నీ కోసం చేశాను. ఇక రా, వచ్చి తిను.

మీ అత్త

*

డాల్టన్
జులై, ఆ బుధవారం

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది ఎలా చెప్పాలో తెలియట్లేదు, కాబట్టి మామూలుగా చెప్పేస్తున్నాను.

కడిగినా పనికిరాదు.

చెక్క పీల్చుకుంటుంది. లోపలికి పోయింది సబ్బుకి రాదు. ప్రతి పుస్తకంలోనూ అదే ఉంది. కడగమని నేను అడగలేదు, వాడొద్దన్నాను.

కోప్పడకు.

టెరికా

*

బెథెల్ క్రాసింగ్
జులై చివర

టెరికా పిల్లకి, లోనీ మామయ్య రాయునది,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. పెళ్ళికి ముందు మీ అత్తకి ఒకటి రాశాను, అందులో తప్పులు దిద్ది వెనక్కి పంపింది.

మీ అత్త మాట్లాడ్డం మానేసింది. నీతోనే కాదు, అందరితోనూ. గిన్నెకి నూనె రాస్తుంది, తుడుస్తుంది, మళ్ళీ రాస్తుంది. పొద్దున బిస్కెట్లు చేస్తోంది గానీ అందులో ప్రాణం లేదు. నిన్న ఒకటి కుక్కకి వేస్తే అది నా వంక చూసింది.

ఎవరిది తప్పో నాకు తెలియదు, తెలిసినా చెప్పను, ఈ ఇంట్లో ఉండాల్సినవాణ్ణి. కానీ పిల్లా, దానికి గిన్నె బాధ కాదు. గిన్నె లేకుండా తన చెయ్యి పనికిరాదేమోనని భయం. నా దగ్గర అనలేదు. చీకట్లో గోడతో అంటుంటే విన్నాను.

ఏదైనా రాయి. పుస్తకాల సంగతులు రాయకు.

మామయ్య

*

డాల్టన్
ఆగస్టు మొదటి ఆదివారం

అత్తా,

పుస్తకాల సంగతి ఏమీ రాయట్లేదు.

నిన్న సెలవు. నేనే చేద్దామని కూర్చున్నాను. కొత్త గిన్నె, కొత్త చెంచా, బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, అన్నీ తూచి, అన్నీ కొలిచి. ఓవెన్‌లోంచి వచ్చినదాన్ని చూసి మా గదిలో ఉండే పిల్ల "మిల్లు నుంచి శాంపిలా?" అని అడిగింది. నిజంగానే కార్పెట్ కింద వేసే రబ్బరులా ఉంది. కత్తి దిగలేదు. ముక్కలు చేసి పడేద్దామని చేత్తో విరిస్తే, అది వంగింది.

పిండి ఎంత తడిగా ఉండాలో ఎవరూ రాయలేదు అత్తా. "సరిపడా" అని రాస్తారు. ఎవరికి సరిపడా? నాకు ఆ చెయ్యి లేదు. గిన్నెలో పల్లం నాన్నమ్మదే, కాదనను. కానీ పీచ్‌ల రసం చిక్కబడిందో లేదో నువ్వు చూసేది చెంచా వెనక వైపు. అక్కడ ఏ పల్లమూ లేదు. ఉప్పు గాల్లోంచి వేస్తావు. ఓవెన్ తలుపు తియ్యకుండా వాసన బట్టి "అయింది" అంటావు. అవన్నీ ఎవరి గిన్నెలో ఉన్నాయి?

నాకు కాబ్లర్ చేసేవాళ్ళు చాలామంది దొరుకుతారు. కొన్నది కూడా దొరుకుతుంది, అట్టపెట్టెలో, అట్ట రుచితో. నాకు నువ్వు చేసింది కావాలి. ప్లాస్టిక్ తొట్టిలో చేసినా సరే.

టెరికా

*

బెథెల్ క్రాసింగ్
ఆగస్టు, గురువారం

పిల్లా,

కత్తి దిగలేదా? మజ్జిగ తక్కువ పోశావు. కొలిచి పోస్తే అంతే అవుతుంది.

వంటగది మొత్తం కడిగాను. షెల్ఫులు, సొరుగులు, పైకప్పు కూడా. మీ మామయ్యని బిస్కెట్ చేత్తో లోపలికి రానివ్వట్లేదు. వాకిట్లో చేతులు కడిగిస్తున్నాను, ఆసుపత్రిలో డాక్టర్లలా. నిన్న గొంతుకి ఏదో అడ్డం పడి దగ్గాడు, బయటికి పోయి దగ్గమన్నాను.

కొత్త ఇనప గిన్నె కొన్నాను. రెండుసార్లు చేశాను. మొదటిది కోళ్ళకి పోయింది. రెండోది పర్వాలేదు. బియ్యప్పిండి మొండిది, గోధుమలా మాట వినదు. కలిపి కాసేపు వదిలెయ్యాలి, అప్పుడు మెత్తబడుతుంది. నీలాంటిదే.

ఆదివారం పొద్దున గోధుమ డబ్బా మూత తెరవకముందే నీది చేసేస్తాను. మొదటి బల్ల దగ్గర నీ కుర్చీ వేయిస్తున్నాను. మంచి గౌను వేసుకురా, ఆ మిల్లు చొక్కా వద్దు.

మీ అత్త

*

డాల్టన్
ఆగస్టు, శుక్రవారం

అత్తా,

రాలేను.

ఏదో పెద్ద ఆర్డరంట. ఈ ఆదివారం అందరూ రావాల్సిందేనని ఇవాళ పొద్దున గోడకి కాగితం అంటించారు. మధ్యాహ్నం షిఫ్టు నాది. రాకపోతే పాయింటు, ఆ పాయింటుతో నా పని అయిపోతుంది. సూపర్‌వైజర్‌తో గొడవ పెట్టుకున్నాను. "చర్చికి ప్రతి ఆదివారం వెళ్ళొచ్చు కదా" అన్నాడు. "నువ్వు ఒక్క ఆదివారమైనా వెళ్ళుంటే ఇలా అనవు" అన్నాను. లాభం లేదు.

రెండేళ్ళు కారులో కూర్చున్నాను. ఈసారి ఆ కారులో కూర్చోవడానికి కూడా లేదు.

ఈ ఉత్తరం రేపటికల్లా చేరాలని పోస్టాఫీసులో ఎక్కువ కట్టి పంపుతున్నాను. నా కోసం ఏమీ చెయ్యకు. కుర్చీ తీసేయించు. పోస్టాఫీసు మూసేలోపు వెళ్ళాలి.

టెరికా

*

కారులో, మీ ఊరి దారిలో
ఆదివారం సాయంత్రం

పిల్లా,

మీ మామయ్య నడుపుతున్నాడు, నేను ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు ఎగిరితే ఆయన్ని అను.

మీ గేటు దగ్గర కాపలా అతను నన్ను లోపలికి పంపకపోతే, ఈ చీటీ లోపలికి పంపించమంటాను. భోజనం గంట కొట్టగానే బయటికి రా. నీలం కారు. వెనక సీటులో నీ గిన్నె ఉంది.

కుర్చీ తీయించలేదు. నీ గిన్నె మీద టేపు నేనే వేశాను, "టెరికా" అని నేనే రాశాను, నా గిన్నె పక్కనే పెట్టాను. మూత గట్టిగా బిగించి, విసనకర్ర పట్టుకుని దాని పక్కన నిలబడ్డాను. విల్మా వచ్చింది.

"ఏంటి ఎర్లీన్, రెండోది దాచిపెట్టుకుంటున్నావు?"

"మా మేనకోడలిది."

"ఆ పిల్ల రాలేదుగా?"

"రాకపోతే ఆకలెయ్యదా?"

అంతలో పాస్టర్‌గారు వచ్చారు. విల్మా గిన్నెలో ముంచిన చెంచా చేతిలో ఉంది. "ఇదేమిటో చూద్దాం" అని నీ మూత ఎత్తబోయారు. నేను ఆలోచించలేదు పిల్లా. విసనకర్రతో ఆయన చేతి మీద ఒక్కటిచ్చాను. జనమంతా మా వైపు తిరిగారు. "పాస్టర్‌గారూ, ఆ చెంచాకి గోధుమ ఉంది, మా పిల్ల పేగులు పాడవుతాయి" అన్నాను. ఇంకా కొంచెం చెప్పాను. పేగుల్లో ఏం జరుగుతుందో నువ్వు రాసినదంతా చెప్పాను, వివరంగా. కొంతమంది తినడం ఆపేశారు.

ఆయన మంచివాడు, క్షమించాడు. కానీ వచ్చే ఏడు అందరి ముందూ ప్రార్థన చేసే పని నాకు ఇవ్వకపోవచ్చు.

వచ్చేస్తున్నాం. త్వరగా రా, మీ మామయ్య ఆ గిన్నె వంకే చూస్తున్నాడు.

అత్త

*

డాల్టన్
ఆగస్టు, మంగళవారం

ఎర్లీన్ అత్తకు,

నిన్న సోమవారం. పనికి వెళ్ళాను. ఇవాళ కూడా వెళ్ళాను. కడుపు నోరు మెదపలేదు. నిన్న పొద్దున ఎప్పుడు మొదలవుతుందా అని మంచం మీద చాలాసేపు కూర్చున్నాను. ఏమీ మొదలవలేదు. చివరికి బస్సు తప్పిపోతుందని లేచాను. సూపర్‌వైజర్ నన్ను చూసి క్యాలెండర్ చూశాడు.

పార్కింగ్‌లో కారు బానెట్ మీద గిన్నె పెట్టుకుని నేను తింటుంటే, నువ్వు ఎదురుగా నిలబడి నా మొహం వంకే చూశావు. గంట కొట్టేదాకా కదలలేదు. మా లైను వాళ్ళంతా కిటికీలోంచి చూశారు. "ఆవిడెవరు, డాక్టరా?" అని అడిగారు. మా అత్త అన్నాను.

అక్కడ నీకు ఏమీ చెప్పలేకపోయాను. నోట్లో పీచ్ ఉంది, కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి. ఇప్పుడు చెబుతాను. మూడేళ్ళుగా ఏ వంట గురించైనా నేను చెప్పగలిగింది ఒకటే, నాకు పడుతుందా పడదా అని. రుచి గురించి మాట్లాడే అవకాశమే రాలేదు. ఇన్నాళ్ళకి వచ్చింది కాబట్టి వాడుకుంటున్నాను.

చక్కెర ఎక్కువైంది. పీచ్‌లు ఇంకాస్త ఉడకాల్సింది. పైన పిండి అంచుల దగ్గర బాగుంది, మధ్యలో కొంచెం పచ్చిగా ఉంది. జాజికాయ నాన్నమ్మ ఇంత వేసేది కాదు.

నీ మేనకోడలు
టెరికా

*

బెథెల్ క్రాసింగ్
ఆగస్టు, గురువారం

టెరికా,

చక్కెర ఎక్కువైందా?

మూడు గంటలు ఎండలో పడి వచ్చాను. పాస్టర్ని కొట్టాను. చక్కెర ఎక్కువైందా? పచ్చిగా ఉందా? నీ ఉత్తరం మీ మామయ్యకి చదివి వినిపించాను. ఆయన నవ్వాడు. ఇప్పుడు ఆయన వరండాలో భోంచేస్తున్నాడు.

పచ్చిగా ఉందన్న మనిషి ఆ గిన్నెలో ఏం మిగిల్చిందో తిరిగొచ్చేటప్పుడు చూశాను. మీ మామయ్య వేలు పెట్టి తుడిస్తే వేలికి ఏమీ అంటలేదు.

వచ్చే ఆదివారం నీకు సెలవు కదా, రా. మళ్ళీ చేస్తాను. నువ్వు పక్కనే నిలబడి, ఏది ఎక్కువో ఏది తక్కువో నా మొహం మీదే చెప్పు. నేనేం వినను. అయినా చెప్పు.

ఇంకా కోపంగానే ఉన్న
మీ అత్త ఎర్లీన్